వాక్యం తీయకుండా ఐదు నిమిషాలు

మోరిస్‌విల్, నార్త్ కరోలినా
19 సెప్టెంబర్ 2010

నా మేనకోడలు షారోన్‌కు, సుగుణత్త ప్రేమతో వందనాలు.

ఫోన్ ఉండగా ఈ కాగితాలెందుకని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నువ్వు "ఊఁ అత్తా, ఊఁ అత్తా" అంటూనే ల్యాప్‌టాప్ టకటకలాడిస్తావు. కాగితమైతే కూర్చుని చదవక తప్పదు. ఏళ్ల తరబడి నర్సుగా ఆస్పత్రిలో చార్టులు రాసిన చెయ్యి కూడా రిటైరయ్యాక ఊరుకోవడం లేదు.

మీ శ్యామ్‌సుందర్ మామయ్య పోయి ఆరు నెలలు కావస్తోంది. ఆయన నడిపిన శుక్రవారం ప్రార్థన కూటం ఇంకా మన హాల్లోనే జరుగుతోంది, అదే నాకు పెద్ద ఆదరణ. ఇప్పుడు ధర్మారావు గారు నడుపుతున్నారు. ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. మామయ్య జబ్బుపడ్డప్పుడు నన్ను ఒక్కసారి కూడా ఒంటరిగా ఆస్పత్రికి వెళ్లనివ్వలేదు, తనే డ్రైవ్ చేశారు. ఆ రుణం నేను తీర్చలేను. కాకపోతే ప్రసంగం మొదలుపెడితే గంటన్నర. పిల్లలు కార్పెట్ మీదే నిద్రపోతారు, నా ఉప్మా గిన్నెలోనే గట్టిపడుతుంది.

అసలు సంగతికి వస్తాను. మన కూటానికి రేణు అనే అమ్మాయి వస్తుంది. ఆమె భర్త ఉదయ్ హిందూ. ఎప్పుడూ లోపలికి వచ్చి కూర్చోలేదు గానీ చాలా మంచి పిల్లవాడు. జూలైలో ఆఫీసులోనే గుండె ఆగి పోయాడు. ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. ఆగస్టులో ధర్మారావు గారు దేవుని ఏర్పాటు గురించి చెప్పారు. రక్షణ పొందేవాళ్లను దేవుడు లోకం పుట్టకముందే ఎన్నుకున్నాడు, మిగిలినవాళ్లను ఎన్నుకోలేదు అన్నారు. ఆ పిల్లను ఉద్దేశించి కాదు, కారులో వినే సీడీల్లోంచి వచ్చిన మాటలవి. కానీ రేణు మధ్యలోనే లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నేను వాళ్లింటికి వెళ్లి, "అట్ల కాదు బిడ్డా, దేవుడు అంత చిన్నమనసు గలోడు కాదు" అన్నాను. "ఆంటీ, ఆయన అందరిముందూ అన్నారు. మీరు కిచెన్‌లో కాదంటే ఏం లాభం?" అంది.

కూటంలో ఒక్క మాట మాట్లాడనివ్వమని ధర్మారావు గారిని అడిగాను. "మెథడిస్టులైన మీకు తెలియందేముందండీ, ఆడవాళ్లు ప్రసంగించడం మీ సంఘం పెట్టిన వెస్లీ గారే ఒప్పుకోలేదు" అన్నారు. మీ తాతయ్య వికారాబాద్ చుట్టుపక్కల నలభై ఊళ్లు తిరిగిన బోధకుడు. అయినా మా అమ్మ ప్రసంగ పీఠం ఎక్కగా నేను చూడలేదు. ధారూరు క్రైస్తవ జాతరలో చాప మీద కూర్చుని, దేవుడు తనకు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పేది, అంతే. నువ్వు ఆ మెథడిస్టుల చరిత్రే చదువుతున్నావు కదా. ఆయన చెప్పింది నిజమేనా?

చలి మొదలవుతుంది, నేనిచ్చిన స్వెటర్ వేసుకో. అది ఫ్యాషన్ కాదని నాకూ తెలుసు.

నీ మేలు కోరే
సుగుణత్త


ఒహాయో
4 అక్టోబర్ 2010

అత్తా!

నీ ఉత్తరం లైబ్రరీ డ్యూటీలో చదివాను. కోపమొచ్చి అక్కడే గట్టిగా మాట్లాడితే సూపర్‌వైజర్ నోటి మీద వేలు పెట్టి చూపించింది.

ధర్మారావు అంకుల్ చెప్పింది సగమే నిజం. ఇంగ్లండ్‌లో సారా క్రాస్బీ అనే ఆవిడ ఉండేది. 1761లో డెర్బీ అనే ఊళ్లో క్లాస్ మీటింగ్ పెట్టుకుంది. క్లాస్ మీటింగ్ అంటే మామయ్య నడిపినట్టే, కొద్దిమంది కూర్చుని ఒకరి బాగోగులు ఒకరు అడగడం. ముప్పై మంది వస్తారనుకుంటే రెండొందల మంది దాకా వచ్చారు! ఒక్కొక్కరితో ఎలా మాట్లాడుతుంది? కీర్తన పాడించి, ప్రార్థించి, దేవుడు తనకు చేసింది అందరికీ కలిపి చెప్పేసింది. తర్వాత భయపడి వెస్లీకి ఉత్తరం రాసింది. ఆయన తిట్టలేదు, నువ్వు హద్దు దాటలేదులే అన్నాడు.

కానీ విను, ఆ తర్వాత పెట్టిన షరతులు చూడు. బైబిల్ తెరిచి వాక్యం తీసి ప్రసంగించకూడదట. ఏకధాటిగా నాలుగైదు నిమిషాలకు మించి మాట్లాడకూడదట, మధ్యలో ఆపాలట. ప్రసంగం అనిపించేదానికి ఎంత దూరముంటే అంత మంచిదట! మగవాళ్లేమో పొలాల్లో గంటలు గంటలు అరవొచ్చు. నాకు ఒళ్లు మండిపోయింది. సెమినార్ పేపర్ దీని మీదే రాస్తున్నాను. చివరికి ఆయనే దిగొచ్చి, దేవుడు ప్రత్యేకంగా పిలిస్తే ఆడవాళ్లు కూడా ప్రసంగించొచ్చని 1771లో ఒప్పుకున్నాడు, అది వేరే సంగతి.

అత్తా, నీకు ప్రీచర్ అవ్వాలని ఉందని నాకిప్పటిదాకా తెలియదు! నాకెంత గర్వంగా ఉందో. లేచి నిలబడి మాట్లాడెయ్.

స్వెటర్ వేసుకున్నాను. నా రూమ్మేట్ అడిగి తీసుకుంది కూడా.

నీ షారోన్


మోరిస్‌విల్
7 నవంబర్ 2010

బంగారు తల్లీ షారోన్‌కు,

నీకు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. నాకు ప్రీచర్ కావాలని లేదు, ఈ వయసులో ఆ సరదా ఎందుకు? కానీ నువ్వు పంపిన నియమం నా కోసమే రాసినట్టుంది. నిలబడితే నా మోకాళ్లు నొప్పెడతాయి, వాక్యం తీస్తే పేజీ దొరకదు. ఇప్పుడవేవీ అక్కర్లేదని తేలిపోయింది.

పోయిన నెలలో ఒక శుక్రవారం ధర్మారావు గారికి చెప్పాను, "వెస్లీ గారి షరతుల ప్రకారమే మాట్లాడతాను, ఒప్పుకుంటారా?" అని. వెస్లీ పేరు చెబితే ఆయన కాదనలేకపోయారు. నేను కుర్చీలోనే కూర్చుని, వంటింటి టైమర్ ఐదు నిమిషాలకు తిప్పి ఒళ్లో పెట్టుకున్నాను. టైమర్ మోగగానే, మాట ఎక్కడుంటే అక్కడే ఆపేశాను. మాలో పాటలు పాడించే వీరాంజనేయులు గారు కీర్తన ఎత్తుకున్నారు. మళ్లీ ఐదు నిమిషాలు. ఆపాను. పద్మ తనంతట తనే సాక్ష్యం చెప్పింది. ధర్మారావు గారి భార్య, ఎన్నేళ్లుగా వస్తోందో, ఆమె గొంతు ఆ రోజే విన్నాం! మధ్యలో ఆగితే ఇంకొకరికి చోటు దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క పిల్లవాడు కూడా నిద్రపోలేదు.

నేను ఏం చెప్పానంటావా? "ఐసీయూలో ఇంతకాలం పనిచేశాను. వీళ్లను చూడు, వాళ్లను వదిలెయ్ అని ఏ డాక్టరూ నాకు ముందే చెప్పి పంపలేదు. దేవుడు గనుక అట్ల చెప్పేవాడైతే, నేను ఆయన ఆస్పత్రిలో డ్యూటీ చెయ్యను" అన్నాను. సరిగ్గా అప్పుడే టైమర్ మోగింది.

ధర్మారావు గారి ముఖం మాడిపోయింది. ఉప్మా తినకుండానే వెళ్లిపోయారు. మర్నాడు పద్మ ఫోన్ చేసి చెప్పింది: "గంటన్నర మాట్లాడేవాణ్ని కదా, పిల్లి మెడలో గంట కట్టింది ఆవిడ. పదిమందిలో నన్ను నవ్వులపాలు చేసింది" అంటున్నారట. దేవుడి తోడు, నాకు ఆ ఆలోచనే లేదు. నీ నియమం పాటిద్దామనుకున్నాను, అంతే. ఇప్పుడు ఆయన పక్క ఊరు కేరీలో తన ఇంట్లోనే వేరే కూటం పెట్టారు. సగం మంది అటు వెళ్లారు.

రేణు ఆ రోజూ రాలేదు. ఎవరికోసం మాట్లాడానో ఆమె వినలేదు.

ఏం చెయ్యాలో రాయి.

సుగుణత్త


ఒహాయో
21 నవంబర్ 2010

అత్తా,

అయ్యో అత్తా! అది నియమం కాదు, అన్యాయం! నువ్వు కోప్పడతావని రాస్తే పాటించేశావా? టైమర్ పెట్టుకుని మరీనా? మా ప్రొఫెసర్‌కి చెప్తే కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, పేపర్‌లో నిన్ను ఫుట్‌నోట్‌గా పెట్టమంది. నేను నవ్వలేదు, తల పట్టుకున్నాను.

కానీ ధర్మారావు అంకుల్ వెళ్లిపోతే పోనీ. ఇది కొత్త గొడవేం కాదు. వెస్లీకీ, జార్జ్ విట్‌ఫీల్డ్‌కీ జరిగిందిదే. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ స్నేహితులు. విట్‌ఫీల్డే వెస్లీని పొలాల్లో ప్రసంగించడానికి లాక్కొచ్చాడు. 1739లో వెస్లీ, కృప అందరికీ ఉచితమనీ, కొందరినే ముందుగా ఎన్నుకోవడం ఉండదనీ ప్రసంగించి అచ్చు వేశాడు. విట్‌ఫీల్డ్ ఎదురు ఉత్తరం రాసి అదీ అచ్చు వేయించాడు. అంతే, మెథడిస్టులు రెండు ముక్కలు. కాబట్టి నువ్వు కూడా గ్రూప్ ఈమెయిల్‌లో అంకుల్‌కి గట్టి జవాబు రాయి. పాయింట్లు ఇందులో పెట్టాను. నువ్వు మొహమాటపడతావని తెలుసు. నువ్వు రాయకపోతే నేనే రాస్తాను.

హ్యాపీ థాంక్స్‌గివింగ్. నాకు టర్కీ వద్దు, నీ పచ్చిపులుసు కావాలి.

షారోన్


మోరిస్‌విల్
9 జనవరి 2011

షారోన్‌కు,

ఇంత ఆలస్యంగా ఎందుకు రాస్తున్నానంటే, కోపం తగ్గేదాకా ఆగాను. పూర్తిగా తగ్గలేదు.

నువ్వు ధర్మారావు గారికి నాలుగు పేజీల మెయిల్ పంపావట. నేనే పంపించానని ఆయన అనుకుంటున్నారు. కాదని ఎలా చెప్పను? నా తమ్ముడి కూతురివి. దాన్ని ప్రింట్ తీసి, గీతలు గీసి, తన కూటంలో వరుసగా జవాబు చెబుతున్నారట. ఇక్కడ మనవాళ్లు దానికి ఎదురు జవాబులు తయారు చేస్తున్నారు. గ్రాసరీ స్టోర్‌లో ఎదురుపడితే పప్పుల వరుసలోంచి బియ్యం వరుసలోకి తప్పుకుంటున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ప్రేమించడం చేతగాక సిద్ధాంతం మీద పడ్డాం. నువ్వు పేపర్ రాసి మార్కులు తెచ్చుకుంటావు. ఇక్కడ ఉన్నది పేపర్ కాదమ్మా.

రేణు ఫోన్ చేసింది. తన వల్లే కూటం విడిపోయిందని ఎవరో ఆమె చెవిన వేశారు. "ఆంటీ, ఉదయ్ పేరు మీ వాదనలో పాయింట్ అయిపోయింది. నేను కాలిఫోర్నియాకి ట్రాన్స్‌ఫర్ అడిగాను. అక్కడ చర్చి జోలికి వెళ్లను" అంది. ఉద్యోగం, వీసా ఆమె సొంతమే, వెళ్లాలనుకుంటే ఆపేదేమీ లేదు. ఆమె వెళ్లిపోతే మనం గెలిచినా ఓడినా ఒకటే. మామయ్య కూర్చోబెట్టిన ఈ హాల్లోంచి ఒక ఆడపిల్లను ఏడిపించి పంపినవాళ్లం అవుతాం.

ఒక్క సంగతి అడుగుతాను. ఆ ఇద్దరూ పోట్లాడుకునేదాకా చెప్పి ఆపేశావు. తర్వాత ఏమైంది? అట్లనే చచ్చిపోయారా?

కోపమున్నా నీ అత్తనే
సుగుణ


ఒహాయో
23 జనవరి 2011

అత్తా,

తప్పయింది. అంకుల్‌కి కూడా సారీ రాశాను, పాయింట్లు లేకుండా, రెండే వాక్యాలు.

నువ్వడిగింది చెప్తాను. వాళ్ల నమ్మకాలు చివరిదాకా కలవలేదు. కానీ కొన్నేళ్లకే మళ్లీ మాటలు కలిశాయి, ఒకరి గుంపులో ఒకరు ప్రసంగించారు. విట్‌ఫీల్డ్ ఈ దేశంలోనే, మసాచుసెట్స్‌లో 1770లో చనిపోయాడు. తాను పోతే భూస్థాపన ప్రసంగం వెస్లీయే చెయ్యాలని ముందే కోరుకున్నాడు. అతన్ని ఇక్కడే పాతిపెట్టారు, ఆ ప్రసంగం మాత్రం లండన్‌లో వెస్లీ చేశాడు. అందులో తమ తగాదా ఎత్తకుండా, స్నేహితుడిలో ఉన్న మంచినంతా చెప్పాడు. ఏర్పాటు సిద్ధాంతం ఎందుకు వదిలేశావని విట్‌ఫీల్డ్ వైపువాళ్లు దానికీ కోప్పడ్డారు.

ఇది నేను మొదటి సెమిస్టర్‌లోనే చదివాను. పేపర్‌కి పనికిరాదని గుర్తు పెట్టుకోలేదు.

నువ్వు నాతో మాట్లాడటం మానెయ్యనందుకు థాంక్స్ అత్తా. ఇక్కడ నన్ను తిట్టేవాళ్లెవరూ లేరు.

షారోన్


మోరిస్‌విల్
10 ఏప్రిల్ 2011

నా తల్లీ షారోన్‌కు,

తీరిగ్గా కూర్చుని చదువు. చాయ్ పెట్టుకుని మొదలుపెట్టు.

నీ ఉత్తరం చాలా రోజులు బైబిల్లో పెట్టుకుని తిరిగాను. చివరికి ఈ నెల మొదట్లో ఒకరోజు ఫోన్ చెయ్యకుండా ధర్మారావు గారింటికి వెళ్లాను. ఫోన్ చేస్తే వద్దంటారు, గుమ్మంలోకి వచ్చిన మనిషిని మనవాళ్లెవరూ వద్దనలేరు కదా. పద్మ తలుపు తీసి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆయన సోఫాలో కూర్చుని టీవీ వైపే చూస్తున్నారు. టీవీ ఆఫ్‌లో ఉంది.

టైమర్ సంగతి ముందు చెప్పాను. నువ్వు తిడుతూ రాసిందాన్ని నేను నియమమనుకున్నానని చెప్పేసరికి ఆయనకు నవ్వు ఆగలేదు. "అంటే నాకు కాదా అండీ ఆ గంట?" అని మళ్లీ మళ్లీ అడిగారు. తర్వాత ఆ ఇద్దరి స్నేహం గురించి చెప్పాను. భూస్థాపన ప్రసంగం దగ్గరికి రాగానే ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఆ అమ్మాయి మెయిల్‌లో ఇది లేదేవండీ?" అన్నారు. "అది పోట్లాట వరకే చదివింది లెండి" అన్నాను. ఏమీ అనుకోకు.

అప్పుడు ఆయన చెప్పారు. ఆయనకొక తమ్ముడు. గుంటూరులో ఒకే గదిలో ఉండి చదువుకునేవాళ్లట. తమ్ముడికి దేవుడంటే వేళాకోళం. "ఇవాళ మాట్లాడదాం, రేపు మాట్లాడదాం అనుకుంటూనే ఉన్నానండీ. టైఫాయిడ్ వచ్చి వారంలో పోయాడు. అంతా దేవుడి ఏర్పాటే అనుకోకపోతే, వాడు నా బద్ధకం వల్ల నశించినట్టే కదా. ఆ మాట మొయ్యలేక దీన్ని పట్టుకున్నాను. దీనివల్లే బతికాను." షారోన్, రేణును పొడిచిన ముల్లే ఈయన చేతికర్ర. మనమేమో ఆయన సీడీలు విని మాట్లాడుతున్నారనుకున్నాం.

"మీ నమ్మకం మార్చుకోమని రాలేదు. రేణు మే నెలలో వెళ్లిపోతోంది. ఒక్కసారి ఆమెను పలకరించండి" అన్నాను. ఆయన లేచి చొక్కా మార్చుకుని వచ్చారు.

రేణు తలుపు సగమే తీసింది. ఆయన లోపలికి కూడా వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడి చేతులు కట్టుకున్నారు. "అమ్మా, నేను పదిమందిలో అన్నమాటకి జవాబు కూడా పదిమందిలోనే చెప్పాలి. శుక్రవారం సుగుణమ్మ గారింటికి రా. రావాలని లేకపోతే రావద్దు. నేను మాత్రం చెప్తాను." ఆమె తలుపు మెల్లగా వేసుకుంది.

మొన్న శుక్రవారం హాలు పట్టలేదు. కేరీవాళ్లంతా వచ్చారు. పప్పుల వరుసా బియ్యం వరుసా ఒకే కార్పెట్ మీద కూర్చున్నాయి. కీర్తన సగంలో ఉండగా రేణు వచ్చి తలుపు దగ్గరే కూర్చుంది. చెప్పులు విప్పి పక్కనే పెట్టుకుంది, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చన్నట్టు.

ధర్మారావు గారు లేచారు. "నేను నమ్మేది నమ్ముతూనే ఉన్నాను. కానీ దేవుడు ఎవరిని ఎన్నుకున్నాడో నాకు చూపించలేదు. చూపించినట్టు మాట్లాడాను. అది తప్పు" అన్నారు.

రేణు ఉన్నచోటి నుంచే అడిగింది. "అంకుల్, మరి ఉదయ్?"

ఆయన చేతిలో బైబిల్ మూసి, "నాకు తెలియదమ్మా" అన్నారు. ఆయన అంతకంటే చిన్న ప్రసంగం ఎప్పుడూ చెయ్యలేదు. "మనవాళ్లు చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యరు, అది మన పద్ధతి కాదు. ఆ అబ్బాయి కోసం నేనేమీ అడగలేను. కానీ దేవుడికి థాంక్స్ చెప్పడం ఏ సిద్ధాంతమూ ఆపదు. చెప్పొచ్చా?"

ఆమె తల ఊపింది.

ఆయన మోకరించారు. "తండ్రీ, ముందటేడు క్రిస్మస్ చలిలో నా కారు బ్యాటరీ చచ్చిపోతే, కూటం అయ్యేదాకా బయట కారులో కూర్చున్న ఉదయ్ వచ్చి కేబుల్స్ పెట్టి స్టార్ట్ చేశాడు. నా పేరు కూడా అడగలేదు. ఆ అబ్బాయి కోసం నీకు వందనాలు." ఆయన ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశారు.

తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. వీరాంజనేయులు గారి అమ్మను ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చాడట. పద్మకు ట్యాక్స్ ఫారాలు నింపిపెట్టాడట, ధర్మారావు గారికి చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకుని మరీ. మీ మామయ్యను ఆఖరి నెలలో ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది అతనే, అది నేను చెప్పాను. ఇన్ని సంగతులు ఇంతమంది దగ్గర ఉన్నాయని మాలో ఎవరికీ తెలియదు. రేణుకు కూడా తెలియదు. ఒక్కొక్కటి వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకచోట నవ్వింది కూడా, "నాతో చెప్పనే లేదు" అని.

చివరికి ఆమె వంతు వచ్చింది. ఎవరూ అడగలేదు. ఆగస్టు తర్వాత ఆమె నోరు తెరిచి ప్రార్థించడం అదే మొదటిసారట. "దేవా, ప్రతి శుక్రవారం రెండు గంటలు ఆయన కారులో కూర్చునేవాడు. లోపలికి రా అంటే, నమ్మకుండా వచ్చి కూర్చుంటే మీ దేవుణ్ని మోసం చేసినట్టవుతుంది అనేవాడు. నీతో అంత నిజాయితీగా ఉన్న మనిషిని నాకు ఆరేళ్లు ఇచ్చావు. థాంక్యూ" అంది.

మేమంతా ఏడుపు ఆపుకుంటూ ఉన్నాం. అందరికంటే ముందు, ఇల్లంతా అదిరేలా ఆమెన్ అన్నది ధర్మారావు గారు.

వందనాలతో
సుగుణత్త